నీలము అచ్చివచ్చుట

నవరత్నములలో ఎనిమిదింటిని అమ్మునపుడు వర్తకుడు సరకును చేతికిచ్చి సొమ్ము పుచ్చుకొనును. అంతటితో వ్యవహారము ముగియును. నీలమును అమ్మునపుడు మాత్రము అట్లు కాదు. దానికొక గడువు ఉన్నది. కొన్నవాడు ఆ రాతిని ఇంటికి కొనిపోయి, నల్లని గుడ్డలో గాని నీలిగుడ్డలో గాని చుట్టి, మూడు రాత్రులు తలగడ క్రింద పెట్టుకొని నిద్రింపవలెను. లేదా దండకు కట్టుకొనవలెను. ఆ మూడు దినములలో పీడకల రాకుండినచో, ఇంట జ్వరమో జగడమో పుట్టకుండినచో, రాయి అచ్చివచ్చినట్లు లెక్క. అప్పుడు దానిని ఉంగరములో పొదిగించి నడిమి వ్రేలికి ధరింతురు. ఏదైన కీడు కనబడినచో రాయి అంగడికి తిరిగిపోవును. ఎద్దును కొనువాడు దానిని దున్నించి చూచును. కుండను కొనువాడు తట్టి చూచును. ఆ సందర్భములలో పరీక్షింపబడునది వస్తువు. ఇక్కడ పరీక్షకు నిలుచునది కొనువాని యిల్లు.

ఈ సంబంధమును చెప్పుటకు మన దేశభాషలలో తగిన మాటలు ఏర్పడినవి. తెలుగువారు నీలము అచ్చివచ్చినదనియో, అచ్చిరాలేదనియో అందురు. హిందీవారు 'రాస్' వచ్చినది, రాలేదు అందురు. బంగాళమున నీలము అందరికి సహింపదని వాడుక. తిన్న అన్నము కడుపునకు పడకపోవుటను గూర్చియు అక్కడ అదే మాట చెప్పుదురు. ఈ మాటలన్నిటిలోను ఒక విశేషమున్నది. వీటిలో రాయి మంచిదా చెడ్డదా అను ప్రశ్న లేదు. ధరించినవాడు మంచివాడా చెడ్డవాడా అను ప్రశ్నయు లేదు. ఒకే రాయి ఒకని మేడ యెక్కించును, మరియొకని వీధిపాలు చేయును. ఆ రెండింటికిని ఆ యిద్దరి నడవడితో సంబంధము లేదు. ఈ తలంపు మనలో ఎట్లు నిలిచినది, అది నమ్మినవాని బుద్ధిని, అతని యింటివారి బ్రతుకును ఏమి చేయుచున్నది అనునదే ఇక్కడి విచారము. గ్రహములు మానవుని శాసించునా లేదా అను మహావివాదములోనికి నేను దిగను. అందు ఉభయపక్షములవారును చాలకాలముగా అలసియున్నారు.

ముందుగా రాతిని గూర్చి రెండు మాటలు. కెంపును నీలమును చూచుటకు అగ్గియు నీరును వలె ఉండును గాని, ఖనిజశాస్త్రమున అవి రెండును ఒకటే, కురువిందము. పాశ్చాత్యులు కొరండమ్ అని పిలుచుచున్నది మన దక్షిణాది మాటనే. అల్యూమినియం, ఆక్సిజన్ చేరి గట్టిపడిన స్ఫటికమది. వజ్రము తప్ప ప్రకృతిలో దొరకు రత్నములలో అంత కఠినమైనది లేదు. శుద్ధముగా ఉన్నపుడు దానికి రంగు లేదు. క్రోమియం లేశమాత్రము చేరినచో ఎఱ్ఱవారి కెంపగును. ఇనుము, టైటానియం కలసి చేరినచో నీలమగును. మన పౌరాణికులు కెంపును సూర్యునకు, నీలమును శనికి ఇచ్చినారు. శని సూర్యుని కొడుకు, ఛాయాదేవి కన్నబిడ్డ. తండ్రికిని కొడుకునకును పడదు గనుక ఆ రెండు రాళ్లను కలిపి ధరింపరాదని జ్యోతిష్కులు నిషేధింతురు. ఒకే ధాతువునుండి పుట్టిన రెండు రాళ్లకు తండ్రి కొడుకుల వరుస కుదిరినది! శని ప్రతిమను ఇనుముతో చేయుమని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. నీలపు వన్నెకు ఇనుము కావలెనని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఇట్టివి చూచినపుడు మన పూర్వులకు సర్వమును తెలియునని ఉప్పొంగువారున్నారు. కవికి ఇది చాలును, వాదమునకు చాలదు.

నీలము పుట్టుకను గూర్చి గరుడపురాణము చెప్పిన కథ వేరు. అది నాకు ఏ జ్యోతిషసూత్రము కంటెను గంభీరముగా తోచును. బలుడను అసురుడు ఇంద్రుని గెలిచెను. దేవతలకు అతనిని యుద్ధమున జయించు శక్తి లేకపోయెను. అప్పుడు వారు యాచకులై వచ్చి, తమ యజ్ఞమునకు పశువు కావలెనని చెప్పి, ఆ పశువుగా అతనినే అడిగిరి. అతడు సరే అనెను. అన్న మాటకు కట్టుబడి బలిపశువై నిలిచెను. ఆ సత్త్వశుద్ధి వలన అతని దేహము రత్నబీజమయ్యెను. పండ్లు ముత్యములైనవి, నెత్తురు కెంపులైనది, పిత్తము పచ్చలైనది, ఎముకలు వజ్రములైనవి, కన్నులు సింహళమున పడి ఇంద్రనీలములైనవి.

కథ చెప్పినవారు దేవతల పక్షమువారే. అయినను గెలిచినవారిని గూర్చి ఒక్క మెచ్చుకోలు మాట లేకుండ, ఓడినవాని అవయవములను లోకమునకు ఆభరణములుగా పంచిపెట్టినారు. శిబి, దధీచి, కర్ణుడు మొదలగువారి కథల వరుసలో ఇదియు చేరదగినది. అడిగినవాడు తగనివాడని తెలిసియు మాట తప్పనివారి వరుస అది. నీలమును చూచి భయపడుటకు కారణమేదైన కలదన్నచో, ఈ కథలో కలదు. మాటకు నిలిచి చంపబడినవాని కన్ను మన వ్రేలిమీదనుండి మనలను చూచుచున్నది. అయితే నేడు నీలమునకు జంకువారిలో బలుని పేరు విన్నవారు అరుదు. వారి భయము వేరొక మార్గమున వచ్చినది.

ఆరవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము అను నాలుగింటికి వేరువేరుగా పరీక్షాప్రకరణములు వ్రాసెను. మంచి రత్నము రాజునకు మేలును, చెడు రత్నము కీడును తెచ్చునని ఆయన మతము. గరుడపురాణము ఇంద్రనీలమునకు ప్రత్యేకముగా అధ్యాయము కేటాయించినది. పగుళ్లు, ఇసుకపలుకులు, లోపలి మసకలు దోషములు. నిండైన రంగు గుణము. నూరురెట్లు పాలలో వేసినను ఆ పాలనన్నిటిని తన రంగుతో నింపగలిగినది మహానీలమట. 1315లో ఢిల్లీలో సుల్తాను అల్లాఉద్దీన్ ఖిల్జీ కొలువున ఉండిన ఠక్కుర ఫేరు అను జైనుడు తన రత్నపరీక్షాగ్రంథమును వ్రాసెను. ఖజానా రత్నములు కన్నులార చూచినవాడాయన. రత్నమును తూచి, రంగు చూచి, వెల కట్టుట ఆయన వృత్తి. ఈ పరీక్షాగ్రంథముల ధోరణి ఒకటే. దోషము రాతిలో ఉన్నది. దానిని కంటితో చూచి, చేతితో తడవి తెలిసికొనవచ్చును. పగిలిన రాయి రాజునకు చెడ్డదైనచో రాజభటునకును చెడ్డదే. తగని రాయి అమ్మినవాడు మోసగాడు, కొన్నవాడు తెలియనివాడు. ఈ ఊహలో మూఢత్వము లేదని నేననను. కాని అందు ఒక న్యాయమున్నది. తప్పు ఎక్కడ ఉన్నదో అక్కడనే దానిని వెదకుదురు.

ఆ గరుడపురాణాధ్యాయములోనే నీలమును నిప్పులో పెట్టుటను గూర్చి ఒక హెచ్చరిక కలదు. నిప్పు పాళము తెలియక కాల్చి చెడగొట్టిన రాయి యజమానికి కీడు, కాల్చినవానికి కీడు, కాల్పించినవానికిని కీడు. ఈ మూడు పేర్లు చదివినపుడు నేను ఆగిపోయితిని. ఇక్కడ కీడు జన్మనక్షత్రమును వెదకుకొనుచు పోవుటలేదు. పని చేసినవానిని, చేయించినవానిని, ఆ పని ఫలమును ఉంచుకొన్నవానిని వెదకుచు పోవుచున్నది. నేటి వ్యాపారమునకు ఇంతకంటె తగిన సూత్రము దొరకదు. సింహళములో గ్యూడా అని పిలువబడు పాలవన్నె రాళ్లు పూర్వము పనికిరానివని పారవేయబడుచుండెను. వాటిని కొలిమిలో పదునైదువందల డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచినచో చక్కని నీలవర్ణము తేలునని 1970ల దశకములో థాయ్‌లాండు వర్తకులు గ్రహించిరి. నేడు అంగడిలో ఉన్న నీలములలో చాలభాగము అట్లు కొలిమిలో రంగు తేలినవే. అందు తప్పు లేదు. కుండను కాల్చుట తప్పు కానట్లే. కాల్చితినని చెప్పకుండుట తప్పు. కాల్చని రాతికిని కాల్చిన రాతికిని వెలలో చాల భేదమున్నది గనుక ఆ మౌనమునకు లాభమున్నది. అయినను కొనువాడు తన జాతకము చూపి వర్తకుని ఒక ప్రశ్న అడుగును: ఇది నాకు పడునా? ఇది కాల్చినదా అని అడుగువారు తక్కువ. ఇక వెర్నేయ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కృత్రిమముగా కెంపును చేయు విధానమును 1902లో ప్రకటించి, కొన్ని సంవత్సరములకు నీలమును కూడ చేసినాడు. ధాతువు అదే, కాఠిన్యము అదే, వన్నెయు అదే. శనైశ్చరుడు దానిని అంగీకరించునా అన్న మీమాంస జ్యోతిష్కులలో ఇంకను తెగలేదు. చేతిగడియారముల అద్దములకు మాత్రము అది చక్కగా అచ్చివచ్చినది.

తరువాతి కాలపు జ్యోతిషగ్రంథములలో ఈ ధోరణి మారెను. వైద్యనాథదీక్షితుని జాతకపారిజాతము వంటివి గ్రహమునకొక్క రత్నముగా పంచియిచ్చినవి. ఆ పంపిణీని ఆధారము చేసికొని, వృషభ తులా లగ్నములవారికి శని యోగకారకుడు గనుక నీలము మేలనియు, కర్కాటక సింహ లగ్నములవారికి కీడనియు చెప్పు సంప్రదాయము పెరిగెను. ఇప్పుడు దోషము రాతిలో లేదు. పుట్టిన గడియలో ఉన్నది. ఎంత నిర్దోషమైన రాయి అయినను ఒకని చంపవచ్చును. దీనివలన జరిగిన మార్పు చిన్నది కాదు. కంటితో చూడదగిన దోషము కంటికి కనబడనిదైనది. తానై తెలిసికొనదగినది మరియొకనిని అడిగి తెలిసికొనవలసినదైనది. అన్నిటికంటె ముఖ్యముగా, ఎవరును ఏమియు చేయకుండనే కీడు జరుగుట సాధ్యమైనది.

ఈ మార్పు మనకే ప్రత్యేకము కాదు. ఐరోపావారు నెలకొక రత్నమును చెప్పుకొందురు. సెప్టెంబరులో పుట్టినవారికి నీలము. వారి ఆచారమునకు మూలముగా బైబిలు నిర్గమకాండములో ప్రధానయాజకుడు అహరోను ధరించిన పతకమును, అందలి పండ్రెండు రాళ్లను చూపుదురు. కాని ఆ ప్రాచీనుల 'సఫైరు' మన నీలము కాదు, రాజావర్తమని పండితులు తలచుచున్నారు. నేడు వాడుకలో ఉన్న నెలల పట్టిక 1912లో అమెరికా రత్నవర్తకుల సంఘమువారు కూర్చుండి నిర్ణయించినది. 1967లో టాంజానియాలో మొదటిసారి గుర్తింపబడిన టాంజనైటు అను నీలిరాయిని వర్తకులు 2002లో డిసెంబరునకు జన్మరత్నముగా చేర్చినారు. అంతకుముందు డిసెంబరులో పుట్టి పెరిగి పెద్దలైనవారు తమ జన్మరత్నమేదో తెలియకయే చాలకాలము జీవించిరన్నమాట! అయితే ఆ ఖండములోనే మధ్యయుగములో మార్బోద్ అను రెన్ నగరపు బిషప్ లాటిన్‌లో రత్నములను గూర్చి పద్యగ్రంథము రచించుచు, నీలమును ధరించువాడు శుచియైన జీవనము గలవాడై యుండవలెనని విధించెను. ఏ నెలలో పుట్టితివని ఆ రాయి అడుగదు. ఎట్లు బ్రతుకుచున్నావని అడుగును. గరుడపురాణపు అగ్నినియమమునకు ఇది దూరపు చుట్టము.

శనిని గూర్చి మన ప్రజలు చెప్పుకొను కథలలో రత్నధారణమునకు చోటు ఉన్నదా అని చూచినచో ఆశ్చర్యము కలుగును. మరాఠీ గుజరాతీ ఇండ్లలో శనిమాహాత్మ్యమును చదువుదురు. ఉజ్జయినీపతి విక్రముడు సభలో శనిని తేలికచేసి మాటలాడెను. ఏడున్నర సంవత్సరముల పీడ అతనిని పట్టెను. ఒక గుఱ్ఱము అతనిని ఎత్తుకొనిపోయి తెలియని దేశమున పడవేసెను. అక్కడ వర్తకుని ఇంట గోడమీది బొమ్మలోని హంస ఒక హారమును మ్రింగగా, దొంగతనము విక్రమునిపై పడెను, కాలుసేతులు నరకబడెను. గానుగవాని దయవలన గానుగపై కూర్చుండి ఎద్దును తోలుచు రాజు కాలము గడపెను. ఈ కథలో ఆభరణము ఒకటి ఉన్నది గాని, అది రక్షించుటకు వచ్చినది కాదు. నింద మోపుటకు వచ్చినది. గడువు తీరిన పిమ్మట శని ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనెను. విక్రముడు తన రాజ్యమును ముందుగా అడుగలేదు. నన్ను పెట్టిన బాధను ఇంకెవ్వరికిని పెట్టవద్దు అని అడిగెను.

తమిళదేశమున నలుని శని విడిచిన చోటుగా కారైక్కాలు ప్రాంతమందలి తిరునళ్ళారును చూపుదురు. భారతకథలో నలుని పట్టినవాడు కలిపురుషుడు. దక్షిణాది భక్తులు ఆ చోట శనిని నిలిపినారు. అక్కడ యాత్రికులు నలతీర్థములో స్నానము చేయుదురు. నలుడు వంటవాడై, సారథియై, పరుల కొలువు చేసి బయటపడెను. గోదావరి డెల్టాలో మందపల్లికి పోవువారు మందేశ్వరునకు నూనెతో అభిషేకము చేయింతురు. ఈ కథలలోను, ఈ క్షేత్రములలోను శని తప్పించుకొనదగిన దొంగ కాడు. కొంతకాలము సహవాసము చేయవలసిన కఠినుడైన గురువు. మందుడు, శనైశ్చరుడు అనగా మెల్లగా నడచువాడు. సూర్యుని ఒక్కమారు చుట్టివచ్చుటకు అతనికి ఇరువదితొమ్మిదిన్నర యేండ్లు పట్టును. ఏలినాటి శని అను మాటలో కూడ ఓర్పు లెక్క ఉన్నదే గాని విడుదల చీటి లేదు.

శాంతివిధానమును చూచినను అట్లే. యాజ్ఞవల్క్యస్మృతిలో గ్రహశాంతి విపులముగా ఉన్నది; ప్రతిమలు, నైవేద్యములు, దక్షిణలు చెప్పబడినవి. శనికి నల్లని ఆవును దక్షిణగా ఈయవలెను. రత్నమును ధరింపుమన్న మాట అందు లేదు. అదే స్మృతి దైవమును, పురుషకారమును రథమునకు రెండు చక్రములుగా భావించినది. జనసామాన్యములో నేటికిని శనివారమునాడు నువ్వులు, నూనె, ఇనుము, నల్లని వస్త్రము దానము చేయుదురు. ఇచ్చుటయే శాంతి. నీలధారణములో ఈ గతి తలక్రిందులైనది. పుచ్చుకొని దాచుకొనుటయే శాంతియైనది. భయపడినవాడు నువ్వులిచ్చునపుడు అతని భయము వలన ఒక పేదవాని పొయ్యి వెలుగును. అతడే ఉంగరము కొన్నచో ఆ భయము అతని వ్రేలికే చుట్టుకొని యుండును.

శని ఎవరికి కారకుడో కూడ మరువరాదు. సేవకులకు, వృద్ధులకు, భూమి త్రవ్వువారికి, కూలివారికి, కుంటివారికి. ఈ రాయి ఎక్కడినుండి వచ్చుచున్నదో అక్కడ ఉన్నవారు వీరే. సింహళములోని రత్నపురమున పొలములలో బావులవంటి గుంటలు త్రవ్వుదురు. గోడలు కూలకుండ మోపులు కట్టి, వాటి సందులలో ఆకులు దట్టింతురు. నీటిని యంత్రములతో తోడుచునే ఉండవలెను. అడుగున దొరకు గులకఱాతి పొరను ఇల్లం అందురు. దానిని పైకి తెచ్చి గంపలలో పోసి నీటిలో త్రిప్పి కడుగుదురు. రాయి దొరికినచో భూస్వామికి, అనుమతి పొందినవానికి, యంత్రము తెచ్చినవానికి, త్రవ్వినవారికి ముందు చేసికొన్న ఒడంబడిక ప్రకారము వాటాలు పోవును. మాసములకొలది ఏమియు దొరకకపోవుటయు కలదు. కాశ్మీరమున పాడర్ లోయలో సుమారు 1881లో, నాలుగున్నర వేల మీటర్ల యెత్తున, కొండచరియ విరిగిపడిన చోట జగద్విఖ్యాతమైన నీలము బయటపడెను. మహారాజు సిపాయీలను కాపుపెట్టెను. కొద్ది సంవత్సరములలోనే శ్రేష్ఠమైన రాయి తరిగిపోయెను. సంవత్సరములో కొద్దినెలలు మాత్రమే మంచు వీడు ఆ చోట చలికి ఓర్చి త్రవ్వినవారి పేర్లు మనకు మిగులలేదు. శనిని ప్రసన్నుని చేసికొనగోరువాడు ఆ కూలివాని తలచుకొన్నచో అది శాస్త్రవిరుద్ధము కాజాలదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది, అది న్యాయమైనది. దిక్కుతోచనివానికి ఒక ఊత కావలెను. వ్యాపారములో దెబ్బతిన్నవాడు, కొడుకు ఉద్యోగము కొరకు ఎదురుచూచుచున్న తండ్రి, రోగము తగ్గుటలేదని విసిగినవాడు ఒక రాతిని వ్రేలికి పెట్టుకొని ధైర్యము తెచ్చుకొన్నచో మనకేమి నష్టము? అట్టివానిని చూచి నవ్వుట నాకు చేతకాదు. నవ్వువారిలో చాలమంది తమ కష్టకాలమున ఏమి పట్టుకొందురో మనకు తెలియదు. ఉంగరమును చూచినపుడెల్ల 'తొందరపడకుము, ఇదియు గడచును' అని తనకు తాను చెప్పుకొనువానికి ఆ రాయి మేలే చేయుచున్నది. ఆ నీలిమకు భయముతో నిమిత్తము లేని చరిత్రయు ఒకటి ఉన్నది. మేఘశ్యాముడైన కృష్ణుని వన్నె అదియే. తాళ్లపాక అన్నమాచార్యులు 'ముద్దుగారే యశోద' అను కీర్తనలో బాలకృష్ణుని నవరత్నములుగా భావించి, వేంకటాద్రిపై వెలసిన స్వామిని ఇంద్రనీలముగా దర్శించెను. అక్కడ పరీక్షయు లేదు, గడువును లేదు. కాబట్టి నా ఆక్షేపణ రాతిని గూర్చి కాదు, దానిని ధరించువాని ఊరటను గూర్చియు కాదు. ఆ మూడు రాత్రులను గూర్చినది.

శాపగ్రస్తమైన రాయి అను కథ ఎట్లు పుట్టునో చూచుటకు లండను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఒక వస్తువు ఉన్నది. దానిని 'ఢిల్లీ ఊదా నీలము' అందురు. నిజమునకు అది నీలము కాదు, అమెథిస్టు అను ఊదాస్ఫటికము. 1857 తిరుగుబాటు దినములలో కాన్పూరు ఇంద్రాలయమునుండి కొల్లగొట్టబడినదనియు, తెచ్చిన సైనికాధికారి కుటుంబము చితికిపోయినదనియు, 1890లో దానిని పొందిన ఎడ్వర్డు హెరాన్ ఆలెన్ అను పండితుడు భయపడి ఏడు పెట్టెలలో మూసి బ్యాంకులో దాచెననియు చెప్పుదురు. ఆయన 1943లో మరణించిన తరువాత అది ప్రదర్శనశాలకు చేరెను. ఆ రాతితోపాటు ఆయన 1904లో వ్రాసిన హెచ్చరిక కూడ ఉన్నది. ఈ ఆలెన్ మారుపేరుతో 1921లో 'ఊదా నీలము' అను కథను ప్రకటించినవాడు గనుక ఈ వృత్తాంతమంతయు ఆయన కల్పన కావచ్చునని అనుమానించువారు ఉన్నారు. కల్పన అయినను అందు ఒక సత్యమున్నది. కథలో జరిగిన పాపము దోపిడి. శాపము మాత్రము రాతికి అంటగట్టబడినది. దోచినవాని వంశమువారు రాతికి భయపడిరి. దోపిడిని గూర్చి వారు ఏమనుకొన్నారో కథ చెప్పదు.

మన యిండ్లలో ఇది ఇంకను నిశ్శబ్దముగా జరుగును. ఒక యింటిని ఊహింతము. గుమాస్తా అప్పుచేసి నీలము తెచ్చినాడు. రెండవ రాత్రి అతని తల్లి పెరటిలో కాలు జారి పడినది. మూడవనాడు రాయి అంగడికి పోయినది. వర్తకుడు కొంత తరుగు తీసికొని తక్కిన సొమ్ము ఇచ్చి, రాతిని తుడిచి మరల పళ్లెములో పెట్టినాడు. మరునాడు ఇంకొకడు వచ్చినపుడు ఆ రాతినే, ఆ గడువుతోనే చూపినాడు. ముసలమ్మ కాలు విరిగిన సంగతి చెప్పలేదు. ఆ వర్తకుడు గడువును నమ్మినవాడైనచో చెప్పి తీరవలెను. నమ్మనివాడైనచో గడువు పెట్టరాదు. ఈ రెండింటిలో దేనికిని కట్టుబడకుండ వ్యాపారము జరుగుచున్నది, జరుగుచుండుటకు మనము అంగీకరించియున్నాము.

రాయి పోయినను, మూడు రాత్రులు ఇల్లంతయు నేర్చుకొన్న చూపు పోదు. ఏది జరిగినను దానికి ముందు ఇంటిలోనికి ఏమి వచ్చినదో వెదకు చూపది. నూతిలో నీరు ఎందుకు ఇంకినది, గేదె ఎందుకు ఈడ్చుకొనిపోయినది, పెద్దవాని ఉద్యోగము ఎందుకు ఊడినది? గొడ్డు వచ్చిన వేళ, బిడ్డ వచ్చిన వేళ అని సామెత సిద్ధముగా ఉన్నది. పెండ్లియై ఆరు నెలలు కాని కోడలు వంటయింటిలో ఉన్నది. నీలమును గూర్చి ఏ మాటను వాడినారో ఆ మాటనే, ఒక్క అక్షరము మార్చకుండ, ఆమెను గూర్చి వాడుదురు: ఈ పిల్ల మా యింటికి అచ్చిరాలేదు. ఆమె ఏమి చేసినదని ఎవరును అడుగరు, ఆమె ఏమియు చేయలేదని అందరికిని తెలియును గనుక. నీలమునకు ఉన్న పాటి సౌకర్యము ఆమెకు లేదు. దానిని తీసికొనిపోవుటకు అంగడి ఉన్నది. ఈమెను తిరిగి పుట్టింటికి పంపినచో అక్కడివారును అదే మాట అందురు. పరీక్ష పెట్టితిమని ఆమెకు ఎవరును చెప్పరు. గడువు ఎంతయో కూడ చెప్పరు. కొన్ని యిండ్లలో అది మొదటి మగబిడ్డ పుట్టువరకు, కొన్ని యిండ్లలో మామగారి అప్పులు తీరువరకు సాగును.